తెల్ల చుక్కలు

చక్రాల షాపు, మధ్యాహ్నం. పందేలకు వెళ్ళే ఎర్రకారు జాకీల మీద ఉంది. ముందు చక్రం ఒకటి నేలమీద ఉంది. మేస్త్రి అప్పుడే బయటినుంచి వచ్చాడు. చక్రం పక్కన గొంతుక్కూర్చున్నది ఆయన కూతురు.

"నా చుక్కలు ఎవరు చెరిపారు?"

"వచ్చావా నాన్నా. అన్నం తిన్నావా?"

"అన్నం సంగతి తర్వాత. నిన్న నట్ల మీద తెల్ల చుక్కలు పెట్టాను. అవేవి?"

"నేనే చెరిపాను."

"ఏంటి? గొణక్కు. ముందు ఆ కంప్రెసర్ ఆపు. చెవుల్లో ఒకటే హోరు."

"ఆపేశా. నేనే చెరిపాను అంటున్నా."

"నువ్వా. నేను బిగించి చుక్క పెట్టిన నట్టు మీద విప్పడానికి గాలి గన్ను పెట్టావా నువ్వు?"

"పెట్టాను."

"ఎవర్ని అడిగి?"

"నువ్వు లేవుగా."

"లేకపోతే? పిల్లి అటు వెళ్ళగానే ఎలుకకి పెత్తనం వచ్చిందా? చుక్కంటే ఏంటి? చెప్పు. ఈ షాపులో చుక్కంటే ఏంటి?"

"మేస్త్రి తన చేత్తో ఆఖరి బిగింపు బిగించాడని. ఇంకెవరూ ముట్టుకోకూడదని."

"తెలుసుగా. తెలిసే చేశావుగా."

"కారాయన పొద్దున్నే తిరిగొచ్చాడు నాన్నా. బ్రేకు తొక్కితే స్టీరింగు వణుకుతోందట."

"వణకడమేంటి? నిన్న నేను నడిపి చూశా. వెన్నలా పోయింది."

"నువ్వు ఈ వీధి చివరిదాకా నడిపావు. ఆయన పెద్దరోడ్డెక్కి వేగంగా పోనిచ్చి తొక్కాడు."

"అయితే అది చక్రానికి నువ్వు కొట్టిన రంగు పని. నట్టు కూర్చునే గుంటలో రంగు పడుంటుంది. రంగు మీద బిగిస్తే ఇసకలో పీట వేసినట్టే, ఇవాళ ఉంటుంది, రేపు ఒరుగుతుంది. చెప్తూనే ఉన్నా, ఆ రంగు మోజు తగ్గించుకోమని."

"పడలేదు. రంగు కొట్టేముందు ప్రతి గుంటలోనూ మైనం బిళ్ళ పెట్టాను. తీశాక వేలు పెట్టి తడిమి చూశాను. నువ్వూ చూశావు. చూసి, కంచు బొమ్మలా ఉంది చక్రం అని కారాయనతో అన్నావు."

"నేనలా అనలేదే."

"అన్నావు. ఇంటికొచ్చి అమ్మకి కూడా చెప్పావు. నాకు తప్ప అందరికీ చెప్పావు."

"సరే, అయితే రింగు. కొత్త చక్రానికి నడుం దగ్గర బెజ్జం పెద్దది, కారు ఇరుసు సన్నం. మధ్యలో రింగు తొడక్కపోతే వణక్కేం చేస్తుంది. మర్చిపోయుంటావ్."

"ఇదిగో, ఇంకా ఇరుసు మీదే ఉంది. వచ్చి చూడు."

"అయితే చక్రాలే నాసిరకం సరుకు."

"చక్రాలు మంచివే."

"అయితే ఆ అబ్బాయికి బ్రేకు తొక్కడం రాదు."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నాన్నా."

"ఏమన్నావ్?"

"ఏం లేదు."

"అనేది ఏదో గట్టిగా అను. నోట్లో నాలుక లేని పిల్ల అని చుట్టాలంతా నిన్ను మెచ్చుకుంటారు. ఇక్కడికొచ్చి వినాలి వాళ్ళు. ఇంట్లో పక్కింటివాడి నీళ్ళ మోటారు, ఇక్కడ కంప్రెసర్, మధ్యలో నీ గొణుగుడు. నా చెవులు చెవులు కావు."

"పక్కింటాయన మోటారు..."

"ఏమైంది దానికి?"

"ఏం కాలేదు. వదిలెయ్. నాన్నా, ఒక నట్టు గన్నుతో రాలేదు. పొడుగు పానాకి పైపు తొడిగి లాగాను. నట్టు రాలేదు, బోల్టే తెగొచ్చింది."

"తెగ్గొట్టి నాకు చెప్తున్నావా? సిగ్గులేదూ?"

"నేను తెంచలేదు. అప్పటికే సాగిపోయి ఉంది. పాతవి తీసి పెట్టాను, ఇటు చూడు, మెడ దగ్గర సన్నబడింది. దీని పక్కది చూడు, అదీ అంతే. ఎదురుగా ఉన్నది మాత్రం మామూలుగా ఉంది. ఒక పక్క పీక నొక్కినట్టు, ఒక పక్క వదులుగా. చక్రం వెనకున్న బ్రేకు డిస్కు నిటారుగా ఎలా నిలబడుతుంది? అందుకే వణుకు."

"అంటే?"

"అంటే ఏముంది. బోల్టులన్నీ కొత్తవి వేశాను. ఇప్పుడు అన్నీ సమంగా బిగిస్తే పోతుంది."

"అది కాదు. అంటే ఏంటి? నీళ్ళు నమలకు."

"బిగింపు ఎక్కువైంది అంటున్నా."

"ఎవరి బిగింపు?"

"చుక్క ఎవరిదో వాళ్ళది."

"తాతకి దగ్గులు నేర్పుతున్నావా? ఎంత బిగించాలో రెంచికి అంకె పెడతాను. లాగుతాను. అంత బిగియగానే టక్కుమంటుంది. ఆపుతాను. ఇందులో ఎక్కువా తక్కువా ఎక్కణ్ణుంచి ఊడిపడతాయి?"

"టక్కుమనగానే ఆపుతున్నావా?"

"ఆపక?"

"వినబడుతోందా నీకు?"

"ఈ హోరులో ఎవడికి వినబడుతుంది? చేతికి తెలుస్తుంది. పనివాడికి చెయ్యే చెవి."

"చేతికి తెలుస్తోందా?"

"తెలుస్తుందనేగా చెప్తున్నా."

"మొన్న పొగలు కక్కే టీ గ్లాసు అడుగున పట్టుకుని అమ్మతో మాట్లాడుతూ నిలబడ్డావు. అమ్మ లాక్కుంది. వేళ్ళు బొబ్బలెక్కాయి. ఎందుకు లాక్కున్నావని అమ్మ మీదే అరిచావు."

"నోర్ముయ్."

"గన్ను పట్టీ పట్టీ నీ వేళ్ళు మొద్దుబారాయి నాన్నా. ఏదీ తెలియట్లేదు నీకు."

"నోర్ముయ్యమన్నానా. మొద్దుబారిన చేతులట. ఈ చేతులు బిగించిన బండి ఒక్కటి, ఇన్నేళ్ళలో ఒక్కటి వెనక్కొచ్చిందా? ఇదే మొదటిది. అదీ నువ్వు రంగు కొట్టింది."

"రాలేదు. ఎందుకు రాలేదో అడుగు."

"ఎందుకు రాలేదు?"

"వద్దులే."

"చెప్పు."

"నువ్వు భోజనానికి వెళ్ళగానే నేను మళ్ళీ బిగిస్తున్నా కాబట్టి."

"ఏంటి?"

"ప్రతి బండికీ. నువ్వు వీధి మలుపు తిరగ్గానే అన్ని నట్లూ వదులు చేసి, ఎదురెదురువి చూసుకుని, టక్కుమనేదాకా మళ్ళీ బిగిస్తున్నా. నిన్న నువ్వు భోజనానికి వెళ్ళలేదు. కారాయన తొందరపెడితే ఇక్కడే కూర్చున్నావు. ఇదొక్కటే నా చెయ్యి పడకుండా వెళ్ళింది."

"మరి చుక్కలు? వదులు చేస్తే నా చుక్క పగిలిపోతుంది. వచ్చి చూసినప్పుడల్లా నా చుక్క నిక్షేపంలా ఉండేదే."

"తుడిచేసి మళ్ళీ పెట్టేదాన్ని."

"నా చుక్క?"

"నీలాగే. కొంచెం తోక వచ్చేలా."

"దొంగ సంతకం పెట్టావన్నమాట. కన్నతండ్రి సంతకం."

"నీ పేరు పోకూడదని పెట్టాను నాన్నా."

"నా పేరు నువ్వు నిలబెడుతున్నావా? రంగు డబ్బా పట్టుకోవడం నేర్పింది నేను. పానాకి అటేదో ఇటేదో చెప్పింది నేను. లే అక్కణ్ణుంచి. రేపట్నుంచి ఈ షాపు గుమ్మం తొక్కకు. ఇంట్లో కూర్చుని కిటికీలకి వేసుకో రంగులు."

"సరే, రాను. ఈ ఒక్క కారు నన్ను బిగించనీ. తర్వాత రాను."

"రెంచి కింద పెట్టు."

"పెట్టను."

"కింద పెట్టమన్నానా. ఆ హోరు ఒకటి ప్రాణం తీస్తోంది. కంప్రెసర్ ఆపమని చెప్తే నీకు..."

"నాన్నా, కంప్రెసర్..."

"మేస్త్రీ, ఏంటి గొడవ? మీ కేకలు సందు చివరికి వినబడుతున్నాయి."

ఎర్రకారు యజమాని తాళాలు చేతిలో ఆడిస్తూ లోపలికి వచ్చాడు.

"రా బాబూ, రా. గొడవేం లేదు. అయిపోవచ్చింది."

"ఏం అయిపోవచ్చింది? పొద్దున ఎలా వదిలానో అలాగే ఉంది, ఒంటికాలి కొంగలాగా. రేపు కొండమీద పందెం నాకు. ఒక పక్క గోడ, ఒక పక్క లోయ. స్టీరింగు పట్టుకుంటే మలేరియా వచ్చినట్టు వణుకుతోంది. ఇదేనా మీ పనితనం?"

"తెలుసు బాబూ."

"ఏం తెలుసు? ఈ చుట్టుపక్కల చక్రం పని అంటే మీ షాపే అన్నారు. మేస్త్రి చుక్క పడితే ఇంక చూసుకోనక్కర్లేదు అన్నారు. చూసుకోకుండానే వెళ్ళాను, నాదే తప్పు. అసలేమైంది? తప్పెక్కడ జరిగింది?"

"అది... చూస్తున్నాం బాబూ."

"ఏమ్మా, నువ్వు చెప్పు. పొద్దుట్నుంచీ విప్పి చూశావుగా. ఎవరి తప్పు?"

"నాదే సార్."

"నీదా?"

"రంగు నాది. గుంటల్లో రంగు పడింది. నేను చూసుకోలేదు."

"విన్నావా బాబూ? నేను ఇందాకే అన్నాను. రంగే అని మొదటిమాటే అన్నాను. ఇంతసేపూ ఒప్పుకోలేదు."

"సార్, గుంటలు శుభ్రం చేశాను. కొత్త బోల్టులు వేశాను. ఇప్పుడు నట్లు నేను బిగించేస్తా. కాసేపట్లో..."

"నువ్వా? నువ్వు పాడుచేసి మళ్ళీ నువ్వే బిగిస్తావా? నా ప్రాణం అంత చవగ్గా కనబడుతోందా నీకు? దూరంగా జరుగు. మేస్త్రీ, మీరే బిగించండి. నా కళ్ళముందు."

"సార్, వద్దు."

"వద్దేంటి?"

"నాన్న చెయ్యొద్దు సార్. పొద్దున్నుంచీ బయట తిరిగి వచ్చాడు, అలిసిపోయాడు."

"అలుపు నాకా? రెంచి ఇలా తే. తే అంటున్నానా."

"నాన్నా, నీకు దణ్ణం పెడతా."

"దణ్ణాలు తర్వాత. చక్రం ఎత్తి పెట్టు. ఆ, అలాగే. నట్లు చేత్తో తిప్పు. చాలు, జరుగు. చూడు బాబూ, అంకె ఇక్కడుంది. నువ్వే చూసుకో, సరిపోయిందా?"

"సరిపోయింది."

"ఇప్పుడు లాగుతాను. టక్కుమనగానే ఆపుతాను. ఇన్నాళ్ళూ ఇలాగే చేశాను. నా కూతురు దీన్నే ఎక్కువ తక్కువ అంటోంది. ఇదిగో."

"మేస్త్రీ."

"ఉండు బాబూ. ఇంకా రాలేదు."

"మేస్త్రీ, వచ్చింది."

"ఏం వచ్చింది? ఇంకో పట్టు పట్టాలి. కొత్త బోల్టు కదా, కొంచెం మొండికేస్తుంది."

"మళ్ళీ అంది. ఇప్పుడే అంది. అమ్మాయ్, ఏంటిది? మీ నాన్నకి చెప్పు."

"నాన్నా, చాలు. ఆపు."

"ఎక్కడ చాలు? ఇంకా టక్కుమనలేదే."

"మేస్త్రీ, రెంచి వదలండి. నిజంగా చెప్తున్నా, వదలండి. బోల్టు మూలుగుతోంది."

"నాన్నా, చెయ్యి తియ్యి. నీ చేతికీ తెలియట్లేదు."

"ఎలా తెలుస్తుంది? ఆ పాడు హోరు ఒక్క క్షణం ఆగితేగా తెలిసేది. నేను ఇందాకట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా. ఆపమంటే ఆపదు. కావాలనే చేస్తోంది బాబూ, నలుగురిలో నా పరువు తియ్యడానికి."

"ఏ హోరు మేస్త్రీ?"

"కంప్రెసర్ హోరు బాబూ, ఇంకే హోరు. చెప్పవే. ఆ కంప్రెసర్ ఎందుకు ఆపలేదు? ఏడుపెందుకు ఇప్పుడు? అడిగినదానికి చెప్పు. గొణక్కు. గట్టిగా చెప్పు."

"గట్టిగానే చెప్తా. ఇటు తిరుగు, నా మొహం చూడు నాన్నా. నువ్వు లోపలికి వస్తూనే ఆపమన్నావు. అప్పుడే ఆపేశాను."