కోపం చూశాక

భర్త పెట్టుకున్న రైఫిల్ లైసెన్సు దరఖాస్తు విషయమై వచ్చిన పోలీసు ఆఫీసరు భార్యతో విడిగా మాట్లాడి వెళ్ళాడు. హామిల్టన్‌లోని ఆ చిన్న ఫ్లాట్‌లో భర్త సింకు దగ్గర గిన్నెలు తోముతున్నాడు.

“ఏమడిగాడు?”

“వరసగా పేలే సెమీ ఆటోమేటిక్కే ఎందుకన్నాడు. కిషన్‌రావు అంకుల్ ఫార్మ్‌లో అడవి పందులు గుంపుగా వచ్చి పచ్చికంతా పెళ్ళగిస్తున్నాయని చెప్పాను. ఆదివారాలు టార్గెట్ షూటింగని కూడా.”

“అంతేనా?”

“మీకు కోపమొస్తే ఏం చేస్తారన్నాడు.”

“ఏం చెప్పావు?”

“పెళ్ళయి మూడు నెలలేగా, ఇంకా చూడలేదన్నాను.”

“అయ్యో, ఎవరైనా అలా చెప్తారా?”

“చూశాక ఫోన్ చెయ్యమన్నాడు.”

“అంటే లైసెన్సు ఆగిపోయినట్టేనా?”

“కోపమొచ్చిందా?”

“లేదు.”

“చెవులు ఎర్రబడ్డాయి.”

“సరే, వచ్చింది! చాలా వచ్చింది!”

“కడిగిన గిన్నెనే మళ్ళీ తోముతున్నారు.”

“కోపమొస్తే నేనింతే.”

“ఆ ఫోన్ ఇలా ఇవ్వండి. ఆయనకి ఇప్పుడే చెప్పేస్తాను.”