అభ్యంతరం లేని ప్రతిపాదన

వంటగది బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ప్రోగ్రామరు తమ్ముడు గోళ్లు కొరుకుతుంటే, ఎదురుగా అక్క బఠాణీలు ఒలుస్తోంది.

“బ్లాక్‌చెయిన్‌లో డబ్బు పంపే యాప్‌లన్నీ ఒకేలా పనిచేయాలని ప్రోగ్రామర్ల ఆన్‌లైన్ ఫోరంలో ప్రతిపాదన పెట్టాను కదక్కా? ఇవాళ రాత్రిలోగా ఎవరూ కాదనకపోతే అదే రూలైపోతుంది.”

“మంచిదేగా! మరి ఆ మొహమేంట్రా?”

“అసలు చదువుతారో లేదో చూద్దామని మధ్యలో కావాలనే ఓ తప్పు పెట్టా. ‘రద్దు’ నొక్కితే డబ్బు వెళ్లిపోవాలని రాశా.”

“ఒక్కరూ పట్టుకోలేదా?”

“అందరూ అద్భుతం అంటున్నారు.”

“నువ్వే చెప్పెయ్.”

“వాళ్లకే పరీక్ష పెట్టానని తెలిస్తే నా తోలు తీస్తారు! అక్కడ ఎవరైనా రాయొచ్చు. నువ్వు రాసిపెట్టవా?”

“నాకు బ్లాక్‌చెయిన్ ఓనమాలు కూడా తెలీవురా.”

“తప్పుందని చెబితే చాలక్కా!”

అక్క చేతులు తుడుచుకుని, ‘ఆగండి, ఇందులో పెద్ద తప్పుంది’ అని ముందు ఒక్క ముక్క పంపింది.

తమ్ముడు తెర మీదికి వంగాడు. “బాబోయ్, అప్పుడే జవాబులు! ‘నేనూ అదే చెబుదామనుకున్నా’ట. ‘మొదటిరోజే గమనించా’ట. ‘భలే పట్టుకున్నారు’ట!”

“ఉండరా,” అంది అక్క. “ఆ తప్పేంటో నేనింకా రాయనే లేదు.”