మూత తీసి చూసిన మెషీన్

రిపేరు బల్ల మీద రక్తపరీక్షల ల్యాబు కంప్యూటరు. బల్లకు అటు ల్యాబు డాక్టరమ్మ, ఇటు ముసలి మెకానిక్కు.

"ఈసారి మూత వేసే చూశారా?"

"వేసే చూశానమ్మా. గంటన్నరకి పెట్టె లోపల వేడెక్కింది. అప్పుడు బయటపడింది. ర్యామ్ ఒకటి రాసుకుని ఇంకోటి చెబుతోంది. ఎప్పుడో ఒకసారి. చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది."

"మరి రెండుసార్లు బాగుందని చీటీ రాసిచ్చారే!"

"రాశాను."

"రాశానంటే సరిపోతుందా బాబాయ్‌గారూ? అప్పుడెలా చూశారు?"

"మూత తీసి. పైన ఫ్యాను వేసి. ముప్పై ఏళ్లుగా అలాగే..."

"విసనకర్రతో విసురుతూ జ్వరం చూశారన్నమాట!"

"అనండి. పడతాను."

"షుగరు నూటపది అని టైపు కొడితే కాగితం మీద నూటతొంభై పడింది. మందు పెంచారు. ఆ మనిషి కళ్లు తిరిగి పడ్డాడు. నూటపదే కొట్టాను మేడమ్ అని పిల్ల ఎంత మొత్తుకుందో! మీ చీటీ చేతికిచ్చాను. సంతకం చూసింది. బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది."

"ఒకటి తొమ్మిదయ్యే తప్పే ఇది."

"నిన్న నా చేత్తో నేనే కొడితే గానీ నమ్మలేదు నేను."

"ఇంకో చీటీ రాస్తానమ్మా. తప్పు నాదని. మీ దగ్గర టైపు చేసేది ఇద్దరే కదా, మా అమ్మాయీ, ఆ పొడుగుపిల్లా. ఆ పొడుగుపిల్లని వెనక్కి పిలవండి. పాపం, టైపు తప్పని విని, దానికి శ్రద్ధ లేదని ఇంట్లో నేనూ నోరు పారేసుకున్నాను."

"మీ అమ్మాయి ముందా?"

"ఆ."

"ఏమంది?"

"కంచం ముందు నుంచి లేచిపోయింది. స్నేహితురాలు కదా, నొచ్చుకుందనుకున్నా."

"బాబాయ్‌గారూ... మీ అమ్మాయి ఇప్పుడెక్కడుంది?"

"అదేంటమ్మా, మీ దగ్గరే కదా! పొద్దున ఎనిమిదింటికి క్యారేజీ నేనే కట్టిచ్చాను."

"ఆమె మా ల్యాబు గడప తొక్కి నెల దాటింది."