అవ్వని మోసే నలుగురు

హలో… ఆ, నేనేమ్మా భవ్యా, నాయనని.

మండలాఫీసులోనే ఉండావా?… ఎన్నికల గుర్తు ఇచ్చినారా నీకు?… ఇంకా లేదా. మంచిదాయె… కూర్చో తల్లీ. చెప్తా, ముందు కూర్చో.

అవ్వ పోయినాదమ్మా… పొద్దున్నే. కాఫీ అడిగినాది. నేను లోపలికి పోయి తెచ్చేలోపల…

ఏడవబాక… విను. ఇప్పుడే బయల్దేరబాక. ఆడ నీతో పని ఉండాది.

లేదు, ఇంకా ఎత్తలేదు. పంచలోనే పడుకోబెట్టినాను… ఎవరూ రాలేదమ్మా.

మేం రామని ఎవరూ అనలేదులే. ఒకరికి జొరం, ఒకరు గొర్రెలు తోలుకొని పోవాలంట. పాడె కట్టను రమ్మని గురుస్వామిని పిలిస్తే తలుపే తియ్యలేదు.

…ఇంకెందుకు, నీ నామినేషన్ గురించే. సర్పంచి ఏకగ్రీవమని పెద్దోళ్లు తీర్మానం చేసినాక నువ్వు నిలబడితివి గదా. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటా ఉండారు.

తెలుసమ్మా… మనూళ్లో సర్పంచికి ఓటు పెట్టి ఎన్నేళ్లాయె. 'చచ్చేలోపల ఒక్క ఓటన్నా వేస్తా' అని అవ్వే నిన్ను నిలబెట్టినాది. నేను మాత్రం వద్దన్నానా? రొమ్ము విరుచుకొని తిరిగినాను…

ఆత్మకూరు నుంచి మనుషుల్నా?… పిలిచినా. వ్యాను మర్రిపాడు దాటి వచ్చినాది గూడా. ఎవరో ఫోన్ చేసినారంట, వెనక్కి తిప్పుకొని పోయినారు.

…పోలీసులొచ్చి పాడె మోస్తారా తల్లీ?

మూడింటి దాకా గదా గడువు… వెనక్కి తీసుకో.

…ఆ, నేనే చెప్తా ఉండా. సిగ్గుగానే ఉండాది నాకు. ఏం చేసేది? ఎండెక్కినాదమ్మా. ఈగలు ముసురుతా ఉండాయి. విసనకర్రతో తోలతా కూర్చోనుండా.

…అట్టా అనబాక. స్పీకర్‌లో పెట్టినాను… వరసకి నీకు పెదనాయన, జనార్దనయ్య పెట్టమన్నాడు. ఎదురుగానే కూర్చోనుండాడు. ఆయన కోడలే గదా ఇప్పుడు సర్పంచి అయ్యేది… ఆ, అంతా వింటా ఉండాడు.

భవ్యా…

ఆఫీసరు దగ్గిరికి పోతా ఉండావా?… ఫోను పెట్టెయ్యబాక…

…

…పెట్టినావా సంతకం?… ఆఫీసరు కాగితం తీసుకున్నాడా?… సరే. సరేలేమ్మా. ఇంక బయల్దేరి రా… నువ్వొచ్చిందాకా ఎత్తనియ్యనులే. పెట్టేస్తా ఉండా.

అన్నా, విన్నావు గదా… మనుషుల్ని పిలువు. మా అమ్మకి పాడె కట్టమను.