పోశన్న కిరాయి సైకిళ్లు

చంద్రపూర్‌లో జట్‌పురా గేటు దాటి పద్మాపూర్ వైపు వెళ్లే రోడ్డు మీద పోశన్నకు కిరాయి సైకిళ్ల షాపు ఉండేది. షాపంటే నాలుగు రేకులు, ఒక గాలి పంపు, ఇరవై రెండు సైకిళ్లు. దాన్ని ఆనుకునే రాజక్క చాయ్ డబ్బా. ఊళ్లోకి లూనాలు, కొత్త కొత్త కార్లు దిగుతున్న రోజులవి. కిస్తీల మీద బండి ఇస్తామని ఏ గోడ మీద చూసినా రాసి ఉండేది. అయినా పోశన్న షాపు నడుస్తూనే ఉంది. తొంభై ఐదు మే నెలలో మాత్రం మునిసిపాలిటీ మనిషి ఒకడు వచ్చి ఆ రేకుల మీద ఎర్రరంగుతో ఒక గీత గీసి పోయాడు. రోడ్డు వెడల్పు చేస్తారట.

గీత పడిన మూడో రోజు పొద్దున, ఆరున్నరకే ఎండ చురుక్కుమంటుంటే, ఇంజనీరు రవీంద్ర జీపు రోడ్డు అవతల ఆపి, కొలతల టేపు పట్టుకొని వచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి, ఈ ఊరికి వచ్చి ఆరు నెలలు. పని అయ్యాక రాజక్క బల్ల మీద కూర్చొని నక్షా విప్పాడు. పోశన్న పక్కనుంచి తొంగి చూశాడు. అందులో బస్సులకు దారి ఉంది, లారీలకు దారి ఉంది, నడుమ మొక్కలకు కూడా జాగా ఉంది.

"సైకిలోళ్లు ఏడికెళ్లి పోవాలె సారూ?"

"ఈ రోడ్డుమీద సైకిళ్లు తక్కువని ఆఫీసు లెక్కలో ఉంది పెద్దాయనా. వాటికోసం నాలుగడుగులు విడిచిపెడదామంటే పైవాళ్లు ఒప్పుకోరు."

షాపు మీద గీత కంటే ఆ 'తక్కువ' అన్న మాటే పోశన్నకు ఎక్కువ గుచ్చుకుంది. బతిమాలుదామా అనుకున్నాడు. బతిమాలడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు. చేతనైంది ఒక్కటే. చాయ్ గ్లాసు పక్కన పెట్టి, తలకు చుట్టుకున్న రుమాలు విప్పి దులిపాడు. అది చూడగానే, ఫస్టు షిఫ్టుకు పోతూ చాయ్ కోసం ఆగిన మొగిలి బల్ల మీద సర్దుకొని కూర్చున్నాడు. మొగిలి పద్మాపూర్ బొగ్గు బావిలో పని చేస్తాడు. రుమాలు దులిపితే ఏం మొదలవుతుందో అతనికి తెలుసు.

"తక్కువనా సారూ? మీరు కొత్తగొచ్చిండ్రు గనుక మీకెర్క లేదు. పోయినేడు గిదే జాగల ఒక పెద్ద సాయెబు జీపు ఆగిపాయె. పెద్ద సాయెబంటే అసొంటి ఇసొంటి సాయెబు కాదు, గాయన సంతకం పడితేనే జిల్లాల పొద్దు పొడుస్తది. కిందికి దిగి చెమటలు తుడుసుకుంటుండు. నేనన్న, సాయెబూ, గీ సైకిలెక్కుండ్రి. ఎక్కిండు. జీపు బాగై ఆఫీసు కాడికి పొయ్యేసరికి గాయన చాయ్ తాగి, మూడు ఫైళ్లు చూసి, నాలుగోది పట్టుకున్నడు."

"కావచ్చు," అన్నాడు రవీంద్ర. అందులో నమ్మరానిదేమీ లేదు.

ఆ ఒక్క 'కావచ్చు'తో పోశన్న వెన్ను నిటారైంది.

"తర్వాత ఏమైందో ఎర్కేనా? తెల్లారే హుకుం జారీ. ఆఫీసోళ్లంత సైకిలెక్కాలె అని. నా ఇర్వై రెండు ఏడ సరిపోతయ్? రాజురాకెళ్లి తెప్పిచ్చిన, బల్లార్షాకెళ్లి తెప్పిచ్చిన, మాజ్రి టేషన్ల గూడ్సు బండి నిలబెట్టి, బొగ్గు దించేసి సైకిళ్లు ఎక్కిచ్చిన. ఊరంత సైకిళ్లు! ఇగ గాలి ఎవలు కొట్టాలె? నేనొక్కన్నే. పంపు ఒక్కటే. పొద్దుగాల కుడిచెయ్యి, మాపటికి ఎడమచెయ్యి. నేను గాలి కొడుతుంటే జట్‌పురా గేటు దాక చెట్ల ఆకులు ఊగుతుండె."

"గాలికి నా పొయ్యి ఆరలేదా మరి?" అంది రాజక్క, గ్లాసులు కడుగుతూ.

"నీ పొయ్యికి అడ్డం గోనె కట్టిన గదనే, యాది మర్చినవా? వినుండ్రి సారూ. పది దినాలల్ల ఊళ్లె మోటరు చప్పుడే బంద్. పెట్రోలు పంపోడు ఏం జెయ్యాలె? పంపు చుట్టూత కొత్తిమీర అలికిండు. దుమ్ము లేదు, బొగ్గు నుసి లేదు. తెల్లంగి తొడుక్కుంటే వారం దాక తెల్లగనే. గందుకని ధోబీలంత మోర్చా తీసిండ్రు, బట్టలు మాస్తలేవు, మా పొట్టకొట్టకు పోశన్నా అని."

మొగిలి తొడ మీద చరుచుకున్నాడు. "ధోబీలకేం జెప్పినవు కాకా?"

"ధోబీల సంగతి తర్వాత, ముందుగాల కరెంటు సంగతి విను. గిన్ని వేల సైకిళ్లకు గన్ని వేల డైనమోలు తిరుగుతున్నయ్ కదా, గా కరెంటంత గాలికి పోనిస్తమా? ఒక్కొక్క డైనమోకు ఒక తీగె కట్టి కంబానికి తగిలిచ్చిన. పవర్‌హౌసుల మిషన్లు ఆపేసి మనుషులు కూసోని పత్తాలాడుకున్నరు. చిమ్నీల పొగ లేకపాయె, కొంగలొచ్చి అండ్ల గుడ్లు పెట్టినయ్. ఇగ ఎండ? నలభై ఏడు కాడ నిలబడ్డ పాదరసం జర్రున జారి పదారుకొచ్చి ఆగింది. మే నెల సారూ! చలికాలంల వచ్చి స్వెటర్లమ్మే నేపాలోళ్లు మే నెలల మూటలు దించిండ్రు."

రవీంద్ర నవ్వుతున్నాడు. నవ్వుకు చేతిలో పెన్సిలు జారి కింద పడింది. పోశన్న దాన్ని చూశాడు. జీపు కథ దగ్గరే ఆపి ఉంటే బాగుండేదని అతనికి తట్టకపోలేదు. ఈ మనిషి ఇక తన మాట దేన్నీ నమ్మడని కూడా తట్టింది. కానీ మొగిలి నోరు తెరుచుకొని చూస్తున్నాడు, అటువైపు బల్ల మీదివాళ్లు గ్లాసులు పట్టుకొని ఇటు జరిగారు. నోరు ఆగలేదు.

"గిదంత ఒక ఎత్తు. హారన్ల మోత లేకపోయేసరికి తాడోబా అడవికెళ్లి పులి నడుసుకుంట రోడ్డెక్కింది. సక్కగ నా షాపు ముంగట నిలబడ్డది. సైకిలు దిక్కు చూస్తది, నా దిక్కు చూస్తది. నాకు సమజైంది. అమ్మా, నువ్వు పులివే కావచ్చు, నా షాపుకు ఒక కాయిదా ఉన్నది, జామీను లేంది సైకిలియ్య, అన్న. తోక ఊపుకుంట ఎనక్కి పోయింది. గంట గడిచింది. ఎలుగుబంటిని జామీను పట్టుకొనొచ్చింది!"

మొగిలికి చాయ్ పొలమారింది. ఎవరో అతని వీపు మీద తట్టారు. దగ్గుతూనే అడిగాడు: "ఇచ్చినవా కాకా?"

"జామీనొచ్చినంక ఇయ్యకుంటే ఎట్లరా? ఇచ్చిన. కాని దానికి తొక్కుడు రాదాయె. తోకేమో చైన్ల పడుతుండె. ఇగ నేనే సీటెనుక పట్టుకొని గీ రోడ్డుమీద రెండు చక్కర్లు ఉరికిన. కిందికి చూడకు, చూపు ముంగట పెట్టు, భయపడకు నేనున్న అని చెప్పిన. మూడో చక్కర్ల చెయ్యి వదిలిన. పోయింది సారూ, గంట కొట్టుకుంట, పద్మాపూర్ దిక్కు..."

రాజక్క చాయ్ వడపోస్తూ తల ఎత్తలేదు.

"పులికి నేర్పినవు, మంచిగనే ఉన్నది. నీకెవలు నేర్పుతరు పోశన్నా?"

బల్ల మీద నవ్వు మొదలై ఆగిపోయింది. ఎవరికీ అర్థం కాలేదు. పోశన్నకు అయింది.

"ముప్పై ఏండ్ల సంది పక్కనే ఉన్న," అంది రాజక్క. ఎగతాళిగా కాదు, ఉన్న మాటే చెప్పింది. "పంచరు పడ్డది తెచ్చినా, బాగైంది ఇచ్చిరాబోయినా, నూకుకుంటనే పోతవు. ఒక్కనాడు గూడ కాలు అవుతలికేసింది నేను చూడలే."

పోశన్న రుమాలు మడిచాడు. మళ్లీ విప్పి మడిచాడు. పదేళ్ల వయసులో రాజురా దగ్గర వార్ధా నది ఒడ్డు దిగుడులో సైకిలుతో సహా పడ్డప్పటినుంచి, రెండు పాదాలూ నేల విడిచాయంటే అతనికి ఊపిరి ఆడేది కాదు. గాలి తక్కువున్నదనో, ఇప్పుడే నూనె వేసిననో చెప్పి నడిపించుకుపోయేవాడు. ఎవరూ గమనించలేదనే అనుకున్నాడు.

"నిజమే సారూ," అన్నాడు చివరికి. "నాకు రాదు."

ఆ పొద్దుట అతను చెప్పిన మాటల్లో ఇంత చిన్నది ఇదొక్కటే.

"షాపు తీసేయుండ్రి, ఎనక్కి జరుపుకుంట. పులి లేదు, ఎలుగుబంటి లేదు. కాని తొక్కెటోళ్లు ఉన్నరు. గది మాత్రం కోతలు కాదు."

రవీంద్ర నవ్వలేదు. సంచిలోంచి ఆఫీసు కాగితం తీసి చూశాడు. సైకిళ్లు యాభై మూడు అని ఉంది. పక్కన వేళ రాసి ఉంది, పదకొండు నుంచి పన్నెండు.

"పదకొండింటికా?" రాజక్క జల్లెడ కింద పెట్టింది. "గప్పుడు బాయిలోళ్లు బాయిల ఉంటరు, పవర్‌హౌసోళ్లు పవర్‌హౌసుల ఉంటరు. గా ఎండకు కుక్క గూడ రోడ్డు దాటదు. ఇప్పుడు ఏడైతుంది. ఎనిమిది దాక కూసోని మీరే లెక్కపెట్టుండ్రి సారూ. చాయ్ నేను పోస్త."

మొగిలి లేచి హ్యాండిలుకు టిఫిన్ డబ్బా తగిలించుకున్నాడు. "ఒకటోది నాదే, రాసుకోండ్రి," అని ఎక్కి పోయాడు.

అతని వెనుక ముగ్గురు వచ్చారు. తర్వాత పది మంది. తర్వాత లెక్కకు ఊపిరి సలపలేదు. బొగ్గు బావుల వాళ్లు, ఒకే సైకిలు మీద ఇద్దరేసి పవర్‌హౌసు కూలీలు, రెండు వైపులా పాల క్యాన్లు వేలాడేసుకున్నవాళ్లు, చీర కొంగు నడుముకు దోపుకున్న ఆస్పత్రి ఆయమ్మలు. రవీంద్ర ఐదుకొక అడ్డగీత చొప్పున గీస్తూ పోయాడు. ఒక కాగితం నిండితే ఇంకోటి తిప్పాడు. పోశన్న రోడ్డు అటువైపు నిలబడి, పదికొక గులకరాయి చొప్పున రుమాల్లో వేసుకున్నాడు. మధ్యలో ఒకసారి ఇంజనీరు తన జీపు దగ్గరికి పోదామని లేచి, సందు దొరక్క మళ్లీ కూర్చున్నాడు.

ఆ ఏడు వానలు తగ్గాక రోడ్డు వేసినప్పుడు ఎడమ పక్కన నాలుగడుగులు తెల్లగీత గీసి సైకిళ్లకు విడిచిపెట్టారు. సగం దూరం పండ్ల బండ్లు ఆక్రమించాయి, సగం దూరం మిగిలింది. పోశన్న షాపు పది అడుగులు వెనక్కి జరిగింది. అదంతా తర్వాతి సంగతి.

ఆ పొద్దున ఎనిమిదింటికి రవీంద్ర గీతలన్నీ కూడాడు. పోశన్న బల్ల మీద రాళ్లు కుప్ప పోసి చూశాడు. లెక్క కలిసింది. ఎనిమిది వందల అరవై పైన నాలుగు. రవీంద్ర ఆ అంకె రాయబోతుంటే పోశన్న అతని చేయి పట్టుకొని ఆపాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"రెండు వందలు తగ్గించి రాయుండ్రి సారూ. గింత చెప్తే ఎవ్వలు నమ్మరు."