గాలిలోంచి నీళ్లు

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె ఇరవై ఆరో రోజు. జనగామ సమ్మె టెంటులో సైన్సు సారు రాసిన కథను మోటార్ల షాపాయన చివరిదాకా చదివి, కళ్లద్దాలు తీశాడు.

“ఏమన్నా, పత్రికకు పంపాల్నా, చింపాల్నా?” అన్నాడు సారు.

“మొన్నటి కథల తాయెత్తు కట్టి బచ్చన్నపేట చెరువు నింపినవ్. గిప్పుడు గాలిలకెల్లి నీళ్లు తీసే మిషన్ పెట్టినవ్.”

“సైన్సు చెప్పేటోన్ని. తాయెత్తు రాస్తే బడి పిల్లలు నవ్వరా?”

“తాయెత్తునైతే ఎవ్వరూ ఏం అడగరు సారూ. మిషన్ అంటే కరెంట్ ఏడిదని అడుగుతరు. రోజూ మోటార్లు అమ్మేటోన్ని, నాకెరుక.”

“అందుకే సోలార్ పెట్టిన. అది ఎట్ల నడుస్తదో మూడు పేజీలు రాసిన.”

“మిషన్‌ను నమ్మిన. మొదటి ముక్కనే నమ్మబుద్ధి అయితలేదు.”

“ఏ ముక్క?”

“‘తెలంగాణ వచ్చిన ఇరవై ఏండ్లకు’ అని షురూ చేసినవ్. మిషన్‌కు మూడు పేజీలు పెట్టినవ్. తెలంగాణ ఎట్ల వచ్చిందో ఒక్క మాట లేదు. గది తాయెత్తుతోని వచ్చిందా?”

సారు కాగితాలు అందుకుని ఆ వాక్యం కింద గీత గీశాడు.

“గది ఎట్ల వస్తదో నాకెరుకైతే, ఇన్ని దినాల సంది ఈ టెంట్ల ఎందుకు కూసుంటనే?”