మేస్త్రీ పడ్డ మర్నాడు

(కడుతున్న బడి పక్కన రేకుల గది, సైటు ఆఫీసు. ముప్పై ఏళ్లుగా సైట్లు చూస్తున్న ఇంజనీరు మామ. ఏడాది కిందట అదే కంపెనీలో ప్లానింగు పనికి చేరిన అల్లుడు.)

"కూర్చోండి అల్లుడుగారూ, కూర్చోండి. తమరు లేస్తే ఆ కంప్యూటరు బెంగపెట్టుకుంటుంది."

"మేస్త్రీ ఎలా ఉన్నాడు మామగారూ?"

"కాలు రెండుచోట్ల విరిగింది. ఆస్పత్రి నుంచే వస్తున్నా. 'ఇంజనీరుగారూ, పరంజా ఎలా జారిందండీ' అని నన్నడుగుతాడు. చెప్పా. మా అల్లుడుగారు మిషనొకటి పెట్టారు, అది నిన్ను తోసింది నాయనా, అని చెప్పా."

"అలా చెప్పారా?"

"మరెలా చెప్పమంటారు? రాగం తీసి చెప్పనా? పరంజా క్లాంపులు వారం వారం బిగించి చూడాలి. ముప్పై ఏళ్లు నా జేబులో పుస్తకం ఉండేది. అందులో రాసుకునేవాణ్ణి, చూసుకునేవాణ్ణి. ఒక్కడు పడ్డాడా? ఒక్కడు?"

"పడలేదు."

"తమరొచ్చారు, పుస్తకం మూయించారు."

"మూయించింది ఓనరుగారు..."

"ఆయన చెవిలో ఊదిందెవరు? ఆరొందల పనులు సాఫ్ట్‌వేర్లో ఎక్కించారు. ఎర్రదట, పచ్చదట, పసుపుదట. రంగులరాట్నం! అక్కడితో ఆగారా? దాని నెత్తిన ఇంకో టూల్. పనుల్ని అదే సర్దుతుందట! ఏది ముందో ఏది వెనకో అదే చూసుకుంటుందట!"

"గడువు దాటినవి పైకి తెస్తుంది మామగారూ. అయిపోయినవి కిందికి పంపిస్తుంది. అంతే."

"అంతే! గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడింది, అంతే. పొద్దున లేస్తే ఫోన్లో టింగు. స్నానానికెళ్తే టింగు. 'మీ పని మిగిలి ఉంది.' ఎవరికి చెబుతుంది? నాకు! తాపీ పట్టుకోవడం రాని డబ్బా, నాకు!"

"విసుగ్గా ఉంటే నాతో ఒక మాట అనాల్సింది."

"అంటే? మా అమ్మాయి ముందు నేను మొండివాణ్ణవుతాను. 'నాన్నా, ఆయన ఎంత కష్టపడి చేశారో తెలుసా' అంటుంది. ఏం కష్టం? కుర్చీ అరిగిందా?"

"పోనివ్వండి మామగారూ."

"ఏం పోనివ్వను? ఆ క్లాంపుల పని ఎక్కడ పారేసింది నీ టూల్? చూశావా?"

"చూస్తున్నా."

"నిన్నటి నుంచీ చూస్తున్నావు. దొరికిందా, లేదా?"

"దొరికింది."

"ఎక్కడ?"

"కింద. అయిపోయిన పనుల్లో."

"అదీ! అదీ! నే చెప్పలా? చెయ్యని పనిని అయిపోయిందని కింద పడేసింది. ఇంకేం కావాలి? కాగితం తీసుకో. 'నా టూల్ వల్లే జరిగింది' అని ఓనరుగారికి రాసివ్వు. అల్లుడివని ఊరుకుంటాననుకోకు."

"రాశాను."

"ఏంటీ?"

"పొద్దున్నే రాసిచ్చేశాను. టూల్ కూడా ఆపేశాను."

"ఉద్యోగం పోతుంది కదయ్యా."

"పోతుంది."

"పోతుందా? అంత తేలిగ్గానా? దాని గురించి ఒక్క మాటంటే మా ఇంట్లో భోజనం మానేసి లేచి వెళ్లినవాడివి. ఇవాళ ఇన్ని అంటున్నా పడుతున్నావు. ఏం దాస్తున్నావు?"

"ఏం లేదు. రండి, పరంజా దగ్గరికెళ్దాం. మిగతా క్లాంపులు..."

"కూర్చో. ఆ తెర ఇటు తిప్పు."

"వద్దు మామగారూ."

"తిప్పమన్నానా!"

"ఇదిగో."

"ఏవిటీ చీమతలకాయలు? కళ్లజోడు ఆస్పత్రిలో వదిలేసొచ్చా. చదువు."

"ఎందుకండీ ఇప్పుడు..."

"చదవవయ్యా!"

"పరంజా క్లాంపుల తనిఖీ. గడువు దాటింది, పై వరసకి మార్చాం... ఇది పదో తారీకు. పదకొండున కూడా పైనే ఉంది. పన్నెండున కూడా. ఆరు రోజులు అన్నిటికంటే పైనే ఉంది. రోజుకి రెండుసార్లు మీ ఫోనుకి కబురు పంపింది."

"సరే, ఉంది. ఆ తర్వాత కిందికి తోసిందిగా?"

"ఎవరైనా అయిపోయిందని టిక్కు పెడితేగాని కిందికి పోదు."

"ఎవరు పెట్టారు?"

"ఎవరైతే ఏంలెండి."

"ఎవడయ్యా వాడు? చెప్పు, ఇప్పుడే పిలిచి తోలు తీస్తా."

"సోమవారం, భోజనాల వేళ. ఒక్క నిమిషంలో నలభై మూడు పనులకి పెట్టారు. మీ ఫోన్లోంచి."

"నలభై మూడు..."

"చిరాకులో జరిగుంటుంది. వదిలెయ్యండి."

"ముద్ద నోట్లో ఉంది. అది మోగుతూనే ఉంది. పీడ విరగడవుతుందని అన్నీ కలిపి నొక్కేశా. చదవనైనా చదవలేదు."

"ఈ సంగతి నాకొక్కడికే తెలుసు. మీ రిటైర్మెంటు మూడు నెలల్లో ఉంది. నాకు ఇంకో చోట ఉద్యోగం దొరుకుతుంది."

"నా మీద జాలా?"

"జాలేం కాదు. ఇంటికెళ్లి మీ అమ్మాయికి ఏమని చెప్పను మామగారూ?"

"ఆ ఫోనిటివ్వు."

"ఓనరుగారికి ఇప్పుడొద్దు. నా ఉత్తరం ఆయన చూసేశారు..."

"ఆయన దగ్గరికి నడిచే వెళ్తా. ఫోనివ్వు... హలో. మేస్త్రీ, నేనయ్యా, ఇంజనీర్ని. నొప్పి ఎలా ఉంది? సరే, విను. పొద్దున నీ మంచం పక్కన కూర్చుని అబద్ధం చెప్పాను. నిన్ను పడేసింది నేనే."